సెయింట్ లూయీ ఆస్పత్రి: పాలన పెంచిన చర్మవైద్యం

చర్మవ్యాధుల వైద్యం ప్రత్యేక శాస్త్రంగా రూపొందడానికి ప్రతిభావంతులైన వైద్యులు ఎంత కారకులో, ఏ రోగిని ఎక్కడికి పంపాలి, ఎవరికి పడక ఇవ్వాలి, చూసినదాన్ని ఎలా భద్రపరచాలి అని నిర్ణయించిన ఆస్పత్రి పాలకులూ అంతే కారకులు. ఈ సంగతిని పారిస్‌లోని సెయింట్ లూయీ ఆస్పత్రి చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

ప్లేగు బెడదతో సతమతమైన పారిస్‌కు అంటురోగుల ఆస్పత్రి అవసరమని గుర్తించిన నాలుగో హెన్రీ రాజు 1607లో నగర ప్రాకారం వెలుపల దీన్ని కట్టించడానికి ఆజ్ఞ ఇచ్చాడు. మహమ్మారి ఉన్నప్పుడు తెరవడం, తగ్గాక మూసివేయడం చాలాకాలం సాగింది. ఫ్రెంచ్ విప్లవానంతరం 1801లో పారిస్ ఆస్పత్రులన్నిటినీ ఒకే పాలక మండలి కిందికి తెచ్చి, రోగులను వ్యాధులను బట్టి వేరుచేసి పంపే ఏర్పాటు చేసినప్పుడు, గజ్జి, తామర వంటి అంటు చర్మవ్యాధులూ, ఏళ్ల తరబడి మానని ఇతర చర్మవ్యాధులూ సెయింట్ లూయీకి కేటాయించబడ్డాయి. ఇతర ఆస్పత్రుల్లో రద్దీ తగ్గించడానికి చేసిన ఈ సర్దుబాటు వల్ల, అంతవరకు ఊరంతా చెదిరి ఉన్న రోగులు ఒకేచోట చేరి, ఒకరి చర్మాన్ని మరొకరి చర్మంతో పోల్చి చూసే వీలు వైద్యులకు తొలిసారి కలిగింది.

అదే ఏడాది అక్కడ చేరిన వైద్యుడు అలిబేర్ ఆస్పత్రి ఆవరణలోని చెట్ల నీడన బహిరంగ ప్రసంగాలు చేస్తూ విద్యార్థులను ఆకర్షించాడు. అతని శిష్యుడు బియెట్ మాత్రం, మచ్చ, పొక్కు, నీటిబొబ్బ, చీముగుల్ల, పొలుసు అంటూ చర్మంపై మొదట కనిపించే మార్పును బట్టి వ్యాధులను విభజించే ఆంగ్ల వైద్యుడు విలన్ పద్ధతిని ఫ్రాన్స్‌కు తెచ్చి బోధించాడు.

గజ్జి చరిత్రలో పాలనకూ పరిశోధనకూ ఉన్న బంధం మరింత స్పష్టపడుతుంది. చర్మంలో సొరంగాలు తవ్వే సూక్ష్మమైన పురుగే దానికి కారణమని 1812లో గాలే అనే వ్యక్తి ప్రకటించాడు గాని, అతడు చూపినది జున్నులో పుట్టే పురుగని తరువాత తేలడంతో ఆ వాదమే నవ్వులపాలైంది. 1834లో కోర్సికా ద్వీపానికి చెందిన రెనూచీ అనే విద్యార్థి, తన ప్రాంతపు స్త్రీలు చేసే విధంగా సూదిమొనతో పురుగును బయటికి తీసి అందరికీ చూపాడు. అయినా రోగులు పడకలపైనే రోజుల తరబడి ఉండిపోతుండగా, 1850ల తొలి ఏళ్లలో హార్డీ అనే వైద్యుడు ఒంటినంతా మెత్తని సబ్బుతో అరగంట రుద్ది, గంటసేపు స్నానం చేయించి, గంధకపు లేపనంతో మరో అరగంట మర్దించే పద్ధతిని నెలకొల్పాడు. రెండు గంటల్లో ముగిసే ఈ చికిత్సకు పడక అక్కరలేదు కనుక, గజ్జి రోగులు వచ్చిన రోజే ఇంటికి వెళ్లిపోయారు, ఆ పడకలు నిజంగా అవసరమైన రోగులకు దక్కాయి.

చూసిన వ్యాధిని తరువాతి తరాలకు అందించే పనికి 1860లలో లాయే అనే వైద్యుడు, కాగితపు గుజ్జుతో పండ్ల నమూనాలు చేసే బారెటా అనే కళాకారుణ్ణి ఆస్పత్రికి తీసుకువచ్చాడు. బారెటా రోగి శరీరభాగంపై ప్లాస్టర్ అచ్చు తీసి, అందులో మైనం పోసి, రోగిని ఎదుట ఉంచుకొని రంగులు దిద్ది, అంచున తెల్లని గుడ్డ చుట్టి నల్లని పలకపై బిగించేవాడు. ప్రతి నమూనాకు సంఖ్యా, వ్యాధి పేరూ ఉండేవి. కాలక్రమంలో సుమారు 4,800కు చేరిన ఈ సేకరణకు ప్రత్యేక భవనం లభించింది, 1889లో తొలి అంతర్జాతీయ చర్మవైద్య మహాసభ అక్కడే జరిగింది. ఈలోగా పారిస్ వైద్య విద్యాపీఠం చర్మ, సిఫిలిస్ వ్యాధులకు ఆచార్య పదవిని ఏర్పరచి, 1880లో ఫూర్నియే అనే వైద్యుణ్ణి నియమించడంతో ఆస్పత్రి విశ్వవిద్యాలయ పరిశోధనకు కేంద్రమైంది.

తలపై తామరతో బడికి దూరమైన పిల్లల కోసం ఆవరణలోనే పాఠశాల నడిపారు. అక్కడి ప్రయోగశాలలో శిలీంధ్రాలను, అంటే బూజుజాతి సూక్ష్మజీవులను, పెంచి పరిశీలించిన సబురో అనే వైద్యుడు 1904లో ఎక్స్‌కిరణాలతో వెంట్రుకలు రాలగొట్టే చికిత్సను ప్రవేశపెట్టగా, ఏళ్లు పట్టే వైద్యం నెలలకు కుదించుకుపోయింది. ఆ కిరణాల వల్ల కలిగే హాని తరువాతి దశాబ్దాల్లో బయటపడింది. మైనపు నమూనాలకు ఆధారమైన శరీరాలు చాలావరకు పేదలవి. నేటి అర్థంలో రోగి సమ్మతి తీసుకునే నియమం ఆనాడు లేదు. ఈ సంగతులను విడిచి సెయింట్ లూయీ ఘనతను చెప్పడం న్యాయం కాదు.

విశ్వవిద్యాలయ చర్మవ్యాధి పరిశోధన కేంద్రాన్ని నడిపేవారు పడకల కేటాయింపు, నమోదు, నమూనాల భద్రత, రోగి సమ్మతి అనే పనులను గుమాస్తాల వ్యవహారంగా తక్కువ చేసి చూడరాదు. పరిశోధన నిలిచేది ఆ పునాదిపైనే.