తుపాకీ దించి ఆకురాయి పట్టినవారు

ఐటీఐ అంటే పది గట్టెక్కని కుర్రాళ్ల చదువని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. వృత్తివిద్య చరిత్ర రాసేవారూ దాదాపు అదే దారి పట్టారు. 1950లో కథ మొదలుపెట్టి, పంచవర్ష ప్రణాళికల మీదుగా 2015 నాటి స్కిల్ ఇండియా దగ్గరికి తెచ్చి ముగిస్తారు. సంసారం మీద పడ్డాక మళ్లీ తరగతికి వెళ్లి చేతిపని నేర్చుకోవడమన్నది అందులో నిన్న మొన్నటి ఆలోచనలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఈ వరుస తలకిందులుగా తోస్తోంది. మన ఐటీఐలకు పునాది పడిందే పెద్దవాళ్ల కోసం. కుర్రాళ్లు ఆ తర్వాత వచ్చారు.

తొలి దశలు తెలిసినవే. కమ్మరి కొడుకు కొలిమి దగ్గర, వడ్రంగి కొడుకు బాడిస దగ్గర పెరుగుతూ పని నేర్చుకున్నారు. ఆ ఇంట పుట్టనివాడికి, అందులోనూ వయసు మీరినవాడికి, అక్కడ చోటు లేదు. 1823లో లండన్ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ పనివాళ్లకు సాయంత్రాలు పాఠాలు చెప్పింది. ఇక్కడ 1890లో బరోడా కళాభవన్, 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతుల కృషితో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల చేతిపనికి చదువులో గౌరవం తెచ్చాయి. అయితే ఈ రెండూ ప్రధానంగా యువకులను ఉద్దేశించినవే.

అసలు మలుపు రెండో ప్రపంచయుద్ధం. చరిత్రకారులు ఒక వాక్యంలో దాటేసేదీ దీన్నే. యుద్ధ పరిశ్రమలకూ సైన్యానికీ మెకానిక్కులు కరువవడంతో భారత ప్రభుత్వ కార్మిక శాఖ సాంకేతిక శిక్షణ పథకం ప్రారంభించింది. 1941 నుంచి బెవిన్ పథకం కింద కొందరు పనివాళ్లను బ్రిటన్‌కు కూడా పంపారు. 1943లో సైన్యంలో ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం ఏర్పడింది. సికింద్రాబాద్‌లో మనం చూస్తున్న ఈఎంఈ కేంద్రం ఆ వంశంలోదే. యుద్ధం ముగిసేనాటికి సైన్యం సుమారు 25 లక్షలకు చేరింది. వాళ్లను ఇళ్లకు పంపితే బతుకుతెరువేమిటి? ఆ ప్రశ్నకు జవాబుగా 1945 జూలైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ పుట్టింది. తర్వాతి రోజుల్లో ఐటీఐలను నడిపిన కేంద్ర శాఖకు మూలం ఇదే.

దేశవిభజన దీనికి మరో పని తెచ్చిపెట్టింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన శరణార్థులకూ శిక్షణ ఇచ్చారు. ఎస్.కె. డే 1948లో మొదలుపెట్టిన నీలోఖేరీలో కాందిశీకులు పని నేర్చుకుంటూనే ఊరు కట్టుకున్నారు. అదే ఏడాది బిలాస్‌పూర్ దగ్గరి కోనీలో శిక్షకులకే ఒక కేంద్రం తెరిచారు. ఇంత జరిగాక గానీ 1950లో సాధారణ యువత కోసం ఇప్పటి పథకం రాలేదు.

ఇదంతా ఎవరి దయో అనుకోనక్కర్లేదు. యుద్ధానికి చేతులు కావాలి. యుద్ధం ముగిశాక ఆయుధం పట్టడం తెలిసిన నిరుద్యోగులంటే సర్కారుకు గుబులు. శిక్షణ పొందినవారందరికీ పని దొరికిందనీ అనను. అయినా ఒక్క విషయం కొట్టిపారేయలేం. నేర్చుకునే కాలంలో నేర్చుకునేవాడికి భృతి ఇచ్చారు. పెద్దవాళ్లు రావడానికి అసలు కారణం అదేనని నా వాదన.

అమెరికా ఉదాహరణ కూడా ఈ వైపే మొగ్గుతుంది. 1944 నాటి జీఐ బిల్లు సైనికులను కాలేజీలకు పంపిందని ప్రతీతి. నిజానికి దాన్ని వాడుకున్న 78 లక్షల మందిలో కాలేజీకి వెళ్లినవారు దాదాపు 22 లక్షలే. తక్కినవారు వృత్తి పాఠశాలల్లో, కార్ఖానాల్లో, పొలాల్లో నేర్చుకున్నారు. ఫీజుల కోసమే వెలిసిన బోగస్ బడులూ ఉన్నాయి, వివక్ష వల్ల దక్షిణాదిలో నల్లజాతి సైనికులకు చాలా చోట్ల ప్రవేశమే దక్కలేదు. అయినా జీవనభృతి లేకపోతే అన్ని లక్షల మంది తరగతి ముఖం చూసేవారా?

మరి మన దగ్గర పెద్దవాళ్లు ఎందుకు తగ్గిపోయారు? వయోపరిమితి వల్లనని చాలామంది అంటారు. అది పైకి కనిపించే కారణం. శివరావు కమిటీ సిఫార్సుల మేరకు 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజే, ఐటీఐల నిర్వహణ రాష్ట్రాలకు దక్కింది. 1969 ఏప్రిల్ నుంచి ఖర్చు భారమూ వాటిదే అయింది. చేతిలో డబ్బు తక్కువున్న రాష్ట్రం కుటుంబ భారంలేని కుర్రవాణ్ణి ఎంచుకోవడం సహజం. పెద్దవాళ్ల కోసం చేసిన ప్రయత్నాలు పక్కదారుల్లో సాగాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1958లో వయోజన మహిళలకు సంక్షిప్త కోర్సులు వచ్చాయి. 1967లో బొంబాయి వర్లీలో మొదటి శ్రమిక్ విద్యాపీఠం వెలసింది. నేటి జన శిక్షణ సంస్థాన్‌లు వాటి వారసులే.

ఇప్పుడు ఐటీఐ ప్రవేశానికి గరిష్ఠ వయసు లేదు. మంచిదే. కానీ ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ కోర్సులు రెండేళ్లవి, తరగతులు ఎక్కువగా పగటిపూట. కూలి మానుకుని రమ్మంటే ఏ మేస్త్రీ వస్తాడు? బదులుగా పూర్వానుభవాన్ని గుర్తించే పథకం పెట్టి, కొద్ది గంటల పరిచయ తరగతీ ఒక పరీక్షా జరిపి సర్టిఫికెట్ చేతిలో పెడుతున్నారు. ఉన్న పనితనానికి గుర్తింపు అవసరమే. కొత్త పనితనం మాత్రం అలా రాదు. వైస్‌లో బిగించిన ఇనుప ముక్కను ఆకురాయితో రుద్ది, ట్రైస్క్వేర్ ఆనించి, వెలుతురుకు పట్టి సందు కనిపిస్తే మళ్లీ రుద్దడం వారాల తరబడి సాగితేనే ఫిట్టరు చేయి కుదురుతుంది. దాన్ని గంటల్లో కుదించామని చెప్పుకోవడం లెక్కల కోసం చేసే పని.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఐటీఐల్లో కొత్త యంత్రాలు పెడుతున్నాయి, సంతోషం. సాయంత్రం ఆరు తర్వాత ఆ షెడ్లను తెరిచి ఉంచాలి, ముప్ఫై దాటి వచ్చినవారికి నేర్చుకున్నంత కాలం నెలనెలా భృతి ఇవ్వాలి. యుద్ధంలో చితికి, విభజనతో నలిగిన ఖజానా చేసిన పని ఇవాళ్టి ఖజానాకు భారమంటే నమ్మలేం.