లేపాక్షి సుందరీమణులు – ఒక ఖజానా గుమాస్తా అభ్యంతరం

ముప్పై ఏళ్ళకు పైగా ఖజానా బిల్లులు పరిశీలించిన నాకు లేపాక్షి విరూపణ్ణ కథంటే మొదటినుంచీ ఆసక్తి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుగొండ సీమ అధికారి విరూపణ్ణ, సోదరుడు వీరణ్ణతో కలిసి అక్కడి వీరభద్రాలయాన్ని కట్టించాడు. అనుమతి లేకుండా రాజు సొమ్ము ఖర్చుపెట్టాడన్న ఆరోపణ వచ్చిందనీ, శిక్ష పడకముందే తన కళ్ళు తానే పెరికి గోడకు విసిరాడనీ జనం చెప్పుకుంటారు. గోడమీది ఎర్రటి మచ్చలను నేటికీ చూపిస్తారు.

కిందటేడు కర్నూలు నుండి మా దంపతులం అక్కడికి వెళ్ళాం. ఆ ఖర్చంతా దేనికైందో కళ్ళారా చూశాను. నాట్యమండప స్తంభాలపై రంభ నాట్యం చేస్తుంటే తుంబురుడు వీణ, బ్రహ్మ మృదంగం వాయిస్తున్నారు. మరో స్తంభంపై నిలువెల్లా నగలతో పద్మిని నిలబడి ఉంది. పైకప్పు చిత్రాల్లో పార్వతీ కల్యాణం. ఆ చిత్రాల్లోని స్త్రీల కొప్పులు, చీరల అంచులు చూస్తే నాటి అలంకారమంతా తెలిసిపోతుంది. లతామండపం స్తంభాలమీది తీగలు, పువ్వులు, హంసలు ఈనాటి చీరలకెక్కాయి.

ఈ ముచ్చట విజయనగరంతో మొదలైంది కాదు. అంతకు మూడు వందల ఏళ్ళ ముందే, 1213లో, కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలో నల్లరాతి మదనికలున్నారు. ఒకామె తొడిగిన ఎత్తు మడమల చెప్పులు చూసి ఇప్పటి పిల్లలు ఆశ్చర్యపోతారు. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇదంతా సోకులపిచ్చి అనేవారున్నారు. నేనూ అలా అన్నవాణ్ణే. కానీ శిల్పి ఎక్కడా ఆ స్త్రీలను ఎగతాళి చేయలేదు. గుడిలో అభిషేకమయ్యాక దేవుడికి అలంకారం చేస్తాం, అద్దం చూపిస్తాం. అదీ ఒక ఉపచారమే. దేవుడికి చేస్తే పూజ, ఇంట్లో ఆడమనిషి చేసుకుంటే దండగ అనడం ఏ లెక్క?

1979లో నా భార్య నిలువుటద్దం అడిగింది. కరువు రోజులు, చాలీచాలని జీతం. "అనవసర వ్యయం" అని తోసిపుచ్చాను. జీతం పెరిగింది, కరువు పోయింది, నా మాట మాత్రం మారలేదు. ఆమె కిటికీలో చేతి అద్దం ఆనించుకునే తల దువ్వుకుంది, బొట్టు పెట్టుకుంది. ఆమె మళ్ళీ అడగలేదు, నేనూ గుర్తుచేయలేదు.

పద్మిని ముందు చాలాసేపు నిలబడిన ఆమె, నావైపు తిరిగి నవ్వుతూ అంది: "విరూపణ్ణ దగ్గర మీరు గుమాస్తాగా ఉండింటే ఈ గుడి లేచేదే కాదు."

సర్వీసులో ఎన్నో ఆడిట్ అభ్యంతరాలకు సమాధానాలు రాశాను. దీనికి మాత్రం ఇంతవరకు రాయలేకపోయాను.