వాదం రాయడం, దిద్దుకోవడం: మదరసాలలో తఅలీఖా సంప్రదాయం

ఒక విషయంపై అభిప్రాయం కలిగి ఉండడం వేరు, దానిని వాదంగా నిలబెట్టడం వేరు. వాదానికి ప్రమాణం కావాలి. ఆ ప్రమాణాన్ని ఎదుటివారు ఎక్కడ ప్రశ్నిస్తారో ముందే గ్రహించే వివేకం కావాలి. ప్రశ్నకు సమాధానం దొరకనప్పుడు తన మాటను దిద్దుకునే నిజాయితీ కావాలి. నేటి కళాశాలల్లో, ముఖ్యంగా అమెరికా విశ్వవిద్యాలయాల్లో, కొత్తగా చేరిన విద్యార్థులచేత వాదప్రధానమైన వ్యాసాలు రాయించి, అధ్యాపకుని వ్యాఖ్యలు చూసుకుని తిరిగి రాయమనే పాఠం ఒకటి ఉంది. ఇది కేవలం ఆధునికుల ఆవిష్కరణ అని తలచేవారు చాలామంది. కాని దాదాపు వెయ్యేళ్ళ క్రితమే బాగ్దాదు, నీషాపూరు నగరాల మదరసాలలో విద్యార్థులు వాదాన్ని రాసి, పదిమంది ముందు పరీక్షకు పెట్టి, దిద్దుకుని, మళ్ళీ రాసేవారు. ఆ రచన పేరు తఅలీఖా.

దీని మూలం దివ్య ఖుర్ఆన్ నేర్పిన సంస్కారంలోనే ఉంది. తిరస్కారుల మాటలను దాచిపెట్టకుండా, వారు అన్నది అన్నట్టే చెప్పి, ఆ తరువాతే దివ్య ఖుర్ఆన్ వాటికి జవాబిస్తుంది. తమ మాటలో నిజముంటే ప్రమాణం తెమ్మని వారిని అడుగుతుంది. వాదించవలసి వచ్చినప్పుడు ఉత్తమమైన రీతిలో వాదించమని విశ్వాసులను ఆదేశిస్తుంది. ధర్మశాస్త్ర పండితులు ఈ ఆదేశాన్ని సుభాషితంగా చదివి ఊరుకోలేదు, దానిని ఒక శాస్త్రంగా మలిచారు.

తఅలీఖా అంటే ఏమిటి?

తఅలీఖా అనే అరబీ పదానికి తగిలించినది, జతచేసినది అని అర్థం. ఉపాధ్యాయుడు చెప్పిన పాఠానికి విద్యార్థి జతచేసుకున్న రాతలే మొదట తఅలీఖా. ఫిఖహ్ పాఠాలలో ప్రధానమైనవి ఖిలాఫ్ సమస్యలు, అంటే ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉన్న విషయాలు. ఒక్కొక్క సమస్యపై ఎవరి అభిప్రాయం ఏమిటి, వారి ప్రమాణం ఏమిటి, దానిపై వచ్చిన ఆక్షేపణ ఏమిటి, ఆ ఆక్షేపణకు సమాధానం ఏమిటి అనే క్రమంలో విద్యార్థి రాసుకునేవాడు. తొలి ఏళ్ళలో అది గురువు మాటలకు ప్రతి మాత్రమే. విద్యార్థి పరిణతి పొందేకొద్దీ అందులో సొంత పరిశీలన చేరేది. చివరకు అది అతని స్వతంత్ర రచనగా రూపొందేది. మదరసాల చరిత్రను పరిశీలించిన జార్జ్ మక్దిసీ 1981లో ప్రకటించిన తమ గ్రంథంలో ఈ తఅలీఖాకు ప్రత్యేక స్థానమిచ్చారు.

ఒక ఉదాహరణతో ఈ పద్ధతి తేటపడుతుంది. వుజూకు నియ్యత్ (సంకల్పం) ఫర్జా, కాదా? షాఫయీ పండితులు ఫర్జ్ అంటారు. హనఫీ పండితులు కాదంటారు. షాఫయీ విద్యార్థి ఒకడు తన తఅలీఖాలో ఇలా రాశాడనుకుందాం: వుజూ ఒక శుద్ధి, తయమ్ముమ్ కూడా శుద్ధి, తయమ్ముమ్‌కు నియ్యత్ తప్పనిసరి గనుక వుజూకు కూడా తప్పనిసరి. వెంటనే హనఫీ సహాధ్యాయి లేచి, బట్టకు అంటిన మలినాన్ని కడగడం కూడా శుద్ధే గదా, దానికి నియ్యత్ అక్కరలేదని మీరే అంటున్నారు గదా అని అడుగుతాడు. దీనితో మొదటి విద్యార్థి చూపిన కారణం ఉండవలసిన దానికన్నా విశాలంగా ఉందని తేలిపోయింది. అతని ముందు రెండు దారులున్నాయి. గొంతు పెంచి అదే మాట మళ్ళీ అనడం ఒకటి, ఇంటికి వెళ్ళి వాక్యం దిద్దుకోవడం రెండవది. దిద్దుకుంటే అతడు ఇలా రాస్తాడు: బట్ట కడగడం కంటికి కనబడే మలినాన్ని తొలగించడం, వుజూ, తయమ్ముమ్ రెండూ కంటికి కనబడని, షరీఅత్ నిర్ణయించిన అశుద్ధిని తొలగించేవి, కాబట్టి పోలిక ఈ రెంటి మధ్యనే. ఇప్పుడు వాదం మునుపటికంటే గట్టిపడింది. దానిని గట్టిపరచినవాడు ప్రత్యర్థి.

హనఫీ విద్యార్థి అంతటితో ఊరుకోడు. నీటికి శుద్ధి చేసే గుణం సహజంగానే ఉంది, మట్టికి అలా లేదు, కాబట్టి మట్టితో చేసే తయమ్ముమ్‌కు మాత్రమే నియ్యత్ కావాలి అంటాడు. ఇక ఆ వ్యత్యాసానికి సమాధానం చెప్పడం షాఫయీ విద్యార్థి వంతు. ఈ సమస్యపై రెండు పక్షాలూ నేటికీ తమ తమ అభిప్రాయాలపైనే ఉన్నాయి. అయినా శతాబ్దాల ఈ సంవాదం వృథా కాలేదు. ఎదుటివారి మాటకు కూడా ఆధారం ఉందని ఇరుపక్షాలకూ తెలిసింది, ఒకరి వెనుక ఒకరు నమాజు చేయగలిగే సహనం నిలిచింది.

ఇమామ్ షాఫయీ చూపిన దారి

వాదాన్ని రాసి దిద్దుకోవడంలో మదరసాలకు ఆదర్శం ఇమామ్ షాఫయీ (రహ్మ). ఆయన హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో జన్మించి, హిజ్రీ 204 (క్రీ.శ. 820)లో ఈజిప్టులో మరణించారు. ధర్మశాస్త్ర మూలసూత్రాలపై ఆయన రచించిన 'అర్రిసాలా'కు రెండు రూపాలున్నాయి. మొదటిది అబ్దుర్రహ్మాన్ బిన్ మహదీ కోరికపై రాసినది. ఈజిప్టు చేరిన తరువాత ఆయన దానిని తిరిగి రచించారు. శిష్యుడైన రబీ బిన్ సులైమాన్ ద్వారా నేడు లభ్యమవుతున్నది ఈ రెండవ రూపమే. గ్రంథం పొడుగునా ఒక ప్రశ్నకుడు అడ్డు తగులుతూనే ఉంటాడు. అతడు అన్నది, దానికి ఇమామ్ గారు అన్నది సంభాషణగా సాగుతుంది. ఆ ప్రశ్నకుడు వట్టి దిష్టిబొమ్మ కాడు. అతడి ప్రశ్నలు పదునైనవి.

రిసాలాను ఇమామ్ గారి ఎదుట ఎనభై సార్లు చదివినా, చదివిన ప్రతిసారీ ఏదో ఒక పొరపాటు బయటపడిందని, చివరకు ఆయన ఇక చాలించమని చెప్పి, తన గ్రంథం తప్ప మరే గ్రంథమూ దోషరహితం కావడం అల్లాహ్‌కు ఇష్టం లేదని అన్నారని ఒక కథనం ఉంది. రచనను దిద్దడానికి అంతులేదని, ఆ అంతులేనితనం మానవుని పరిమితికి సాక్ష్యమని దీని తాత్పర్యం.

మరొక విషయం గమనార్హం. ఈజిప్టులో ఇమామ్ గారు తమ పాత తీర్పులు అనేకం మార్చుకున్నారు. షాఫయీ గ్రంథాలు వాటిని 'ఖదీమ్' (పాతది), 'జదీద్' (కొత్తది) అనే పేర్లతో రెంటినీ భద్రపరిచాయి. ఇమామ్ అభిప్రాయం మార్చుకున్నారని దాచిపెట్టవలసిన అవసరం శిష్యులకు కనబడలేదు. మార్పును వారు లోపంగా గాక అమానత్‌గా భావించారు.

ప్రత్యర్థి మాటను న్యాయంగా రాయడం

ఇమామ్ గజాలీ (రహ్మ) హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో తూస్‌లో జన్మించారు. యువకుడిగా జుర్జాన్‌లో చదువుకుని తిరిగి వస్తుండగా దారిదోపిడీ దొంగలు ఆయన తఅలీఖాను కూడా ఎత్తుకుపోయారని సుబ్కీ పేర్కొన్నారు. ఆ కాగితాలు మీకు పనికిరావు, అవి నా చదువు, తిరిగి ఇవ్వండని గజాలీ వేడుకోగా, దొంగల నాయకుడు నవ్వి, కాగితాలు పోతే పోయే చదువు ఏం చదువని అడిగాడట. కాగితాలు తిరిగి ఇచ్చాడు గాని, ఆ మాట మిగిలిపోయింది. తూస్ చేరి మూడేళ్ళపాటు ఆయన ఆ తఅలీఖాను కంఠస్థం చేశారు.

తరువాత ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మ) వద్ద ఉసూలె ఫిఖహ్ అభ్యసించిన ఫలితంగా వెలువడిన తొలి రచన పేరే 'అల్ మన్‌ఖూల్ మిన్ తఅలీఖాతిల్ ఉసూల్'. మన్‌ఖూల్ అంటే జల్లెడ పట్టినది. ఉసూల్ తఅలీఖాలను జల్లెడ పట్టి తీసిన గ్రంథమన్నమాట. విద్యార్థి రాతలు గ్రంథంగా మారే క్రమం ఆ పేరులోనే తెలుస్తుంది. ఆయన అక్కడితో ఆగలేదు. జీవిత చరమాంకంలో, హిజ్రీ 503 (క్రీ.శ. 1109)లో అదే శాస్త్రంపై 'అల్ ముస్తస్ఫా' పూర్తిచేశారు. దాని పీఠికలో మన్‌ఖూల్ క్లుప్తమైనదని, మరొక గ్రంథం విస్తారమైనదని చెప్పి, ఈసారి మధ్యేమార్గం తీసుకున్నానని వివరించారు. వయసులో రాసినదానిని వృద్ధాప్యపు అనుభవంతో తిరిగి రాయడానికి ఆ మహనీయుడు సంకోచించలేదు.

తత్వవేత్తలను ఖండించబోయే ముందు గజాలీ వారి సిద్ధాంతాలను 'మఖాసిదుల్ ఫలాసిఫా'లో నిష్పక్షపాతంగా వివరించారు. ఆ వివరణ ఎంత నమ్మకంగా ఉందంటే, అది 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువాదమైనప్పుడు ఐరోపా పండితులు గజాలీని ఆ తత్వవేత్తల అనుయాయిగానే పరిగణించారు. ఖండన గ్రంథమైన 'తహాఫుతుల్ ఫలాసిఫా' 1095లో పూర్తయింది. అందులో 20 సమస్యలున్నాయి. దాదాపు ఎనభై ఐదేళ్ళ తరువాత స్పెయిన్‌లో ఇబ్నె రుష్ద్ దానికి జవాబు రాస్తూ గజాలీ వాక్యాలను భాగాలు భాగాలుగా ఉదహరించి, ఒక్కొక్కదాని కింద తన సమాధానం చేర్చారు. పాఠకుడు ఇద్దరి మాటా వినకుండా తీర్పు చెప్పే అవకాశమే లేకుండా చేశారు.

ఇలా రాయడానికి మూల్యం లేకపోలేదు. బాతినీయుల వాదాలను పోగుచేసి క్రమబద్ధంగా రాసినందుకు స్వపక్షీయులే గజాలీని తప్పుపట్టారు. వారే ఇంత బాగా చెప్పుకోలేరు, వారి పని మీరు చేసిపెట్టారు అన్నారు. ఈ ఆక్షేపణను గజాలీ తమ 'అల్ మున్‌ఖిజ్'లో స్వయంగా ప్రస్తావించి, అందులో కొంత నిజముందని ఒప్పుకున్నారు. ఎవరికీ తెలియని సందేహాన్ని ప్రచారం చేయనక్కరలేదు. కాని అది నలుగురిలో వ్యాపించిన తరువాత జవాబు చెప్పడం విధి అవుతుంది, ఉన్నదున్నట్టు చెప్పకుండా జవాబు చెప్పడం సాధ్యం కాదు. తమ వాదం అర్థం చేసుకోకుండానే ఖండించేవారిని చూసి ప్రత్యర్థులు నవ్వుకుంటున్నారన్న సంగతి కూడా ఆయన చెవిన పడింది.

ప్రశ్నకు మూడు మార్గాలు

13వ శతాబ్దపు చివరి భాగంలో షమ్‌సుద్దీన్ సమర్‌ఖందీ ఈ అభ్యాసానికి నియమాలు కూర్చి 'ఆదాబుల్ బహస్' శాస్త్రాన్ని రూపొందించారు. ప్రశ్నించేవానికి మూడు మార్గాలున్నాయి. వాదంలోని ఒక మెట్టును చూపి దానికి ప్రమాణం అడగడం 'మనఅ'. ఆ ప్రమాణం మరోచోట చెల్లలేదని చూపించడం 'నఖ్జ్'. పైన బట్ట ఉతకడం గురించి అడిగిన ప్రశ్న ఈ కోవలోనిదే. వ్యతిరేక నిర్ణయానికి వేరే ప్రమాణం చూపడం 'ముఆరజా'. సత్యం కోసం గాక కేవలం నెగ్గడం కోసం మాట్లాడడం 'ముజాదలా' అని, స్పష్టమైనదానిని కూడా మొండిగా కాదనడం 'ముకాబరా' అని ఈ శాస్త్రం వేరు చేసింది. ఈ శాస్త్రంలో జౌన్‌పూర్‌కు చెందిన మౌలానా అబ్దుర్రషీద్ (మరణం 1672) రచించిన 'రషీదియా' దర్సె నిజామీ పాఠ్యక్రమంలో చేరి, తరతరాల భారతీయ విద్యార్థుల చేతికి వచ్చింది.

దిద్దుబాటుకు కూడా మర్యాద ఉంది

ఇబ్నె సలాహ్ (మరణం హిజ్రీ 643, క్రీ.శ. 1245) హదీసు శాస్త్రంపై రాసిన గ్రంథంలో ప్రతులు దిద్దే పద్ధతి చెప్పారు. విడిచిపోయిన మాటను అంచున రాసి, చివర 'సహ్' అని గుర్తు పెట్టాలి. పొరపాటున రాసినదానిని గీకివేయడంకన్నా పైన గీత గీయడం మేలు. అప్పుడు మొదట ఏముండేదో, తరువాత ఏమయిందో చదివేవారికి తెలుస్తుంది. ఇబ్నె జమాఅ (మరణం హిజ్రీ 733, క్రీ.శ. 1333) గురుశిష్యుల మర్యాదలపై రాసిన గ్రంథంలో, పదేపదే పరిశీలించి, సంస్కరించి, క్రమపరచనిదే పండితుడు తన రచనను చేయిదాటి పోనివ్వరాదని హితవు చెప్పారు.

ఈ సంస్కరణకే 'తహ్‌జీబ్' అని పేరు. హదీసు ఉల్లేఖకుల చరిత్రగా మఖ్దిసీ రాసిన 'అల్ కమాల్'ను మిజ్జీ సంస్కరించి 'తహ్‌జీబుల్ కమాల్' రాశారు. దానిని ఇబ్నె హజర్ మళ్ళీ సంస్కరించి 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్' అన్నారు, అంటే సంస్కరణకు సంస్కరణ. ఈ గ్రంథాన్ని 12 సంపుటాలలో హిజ్రీ 1325–27 మధ్య అచ్చువేసి లోకానికి అందించినది 1888లో హైదరాబాదులో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్. ఒక ప్రతిని మరో ప్రతితో సరిచూసే 'ముఖాబలా' విద్య ఆ విధంగా తెలుగు గడ్డపై అచ్చు యంత్రం దాకా వచ్చింది.

ఎక్కడ దారి తప్పింది?

ఈ విద్యకు చెదపురుగు లేకపోలేదు. దానిని మొదట గుర్తించినవారిలో గజాలీ ఒకరు. బాగ్దాదు నిజామియాలో 1091 నుంచి 1095 వరకు ఆచార్య పీఠంపై కూర్చున్న ఆయనే 'ఇహ్యా'లో వాదసభలపై తీవ్రమైన విమర్శ చేశారు. నలుగురి మెప్పు కోసం వాదించేవానిలో అసూయ, అహంకారం, ఎదుటివాని తప్పు కోసం వెదికే గుణం పెరుగుతాయన్నారు. నిజమైన వాది తప్పిపోయిన పశువును వెదికేవానివంటివాడు; అది తనకు దొరికినా, తోటివానికి దొరికినా అతనికి ఒకటే; ఎదుటివాడు అతనికి సహాయకుడేగాని శత్రువు కాడు అని ఉపమానం చెప్పారు. తరువాతి కాలంలో మరొక రోగం పట్టుకుంది. ప్రశ్నలు, జవాబులు రెండూ పుస్తకంలోనే ఉండడంతో విద్యార్థి వాటిని వల్లించడమే చదువైపోయింది. ఇతరులు దిద్దుకున్నది కంఠస్థం చేసినవానికి తాను దిద్దుకునే అలవాటు రాదు.

నేటి కళాశాల విద్యార్థి బజారు గైడులోని వ్యాసం అప్పగించడం, మతవర్గాల కరపత్రాలలో ఎదుటివర్గం వారు అనని మాటను వారికి అంటగట్టి ఖండించడం, ఈ రెండూ ఒకే రోగానికి రెండు లక్షణాలు. రెండింటిలోనూ లోపించినది ఎదుటి మనిషి. మన యువకులు ఏ కళాశాలలో ఉన్నా, ఒక సమస్యపై తమ పక్షాన్ని రాసేముందు ఎదుటిపక్షాన్ని ఒక పేజీ రాసి, ఆ పక్షంవారికే చూపి, ఇది మీ మాటేనా అని అడిగే అలవాటు చేసుకుంటే, ఇమామ్ షాఫయీ, ఇమామ్ గజాలీల వారసత్వం వారికి అందినట్టే. అవునన్న జవాబు వచ్చిన తరువాత రాసే ఖండన చిన్నదైనా, అది సత్యం వైపు వేసిన అడుగు అవుతుంది.