నిబంధన పునఃకరణము

తెలుగు బైబిలునందలి నిబంధన యను పదము హెబ్రీ భాషలోని 'బెరీత్' అను శబ్దమునకు ప్రతిగా వాడబడినది. నిపూర్వకమగు బంధ ధాతువునకు ల్యుట్టు చేరగా నిబంధన మేర్పడుచున్నది. కట్టుట యని యర్థము. హెబ్రీయులన్ననో బెరీతును కట్టరు, కోయుదురు. 'కారత్ బెరీత్' అనునది వారి నుడికారము. కట్టుటకును కోయుటకును గల యీ వైరుధ్యము నన్ను చాలకాలము చిక్కుపెట్టినది. యిర్మీయా గ్రంథము 34వ యధ్యాయము చదివినపు డది విడిపోయినది. దూడను రెండుగా కోసి యా ఖండముల నడుమ నడచి ప్రమాణము చేయుట యాచారము. మాట తప్పినవానికి దూడగతి పట్టవలెనని భావము.

ఈ కోయుట యొక్కమారుతో ముగియలేదు. సీనాయి కొండయొద్ద పలకలు పగిలిన పిదప నొకమారు, మోయాబు దేశమున నొకమారు, షెకెములో, యోషీయా కాలమున, నెహెమ్యా కాలమున మరల మరల జరిగినది. దీనికి నవీన పండితులు నిబంధన పునరుద్ధరణ మని పేరిడిరి. క్రొత్తచేయుట యను నర్థముగల ధాతువు హెబ్రీలో లేకపోలేదు. గిల్గాలులో రాజ్యమును నూతనపరతమని సమూయేలు పలికినచోట నున్నది. పై యైదు ఘట్టములలో మాత్ర మది కానరాదు. అన్నిట కోయుటయే క్రియ.

షెకెము ఘట్టము (యెహోషువ 24) విశేషించి చూడదగినది. యెహోషువ ముందుగా పితరుల కాలము మొదలు దేవుడు చేసిన యుపకారములను వివరించును. జనులు సేవింతుమని యొప్పుకొనగా సంతసింపక, అది మీచేత కాదని వారిని వారించును! ఒడంబడిక చేయించువాడే యిట్లు వెనుకకు లాగుట నే నన్యత్ర చూచి యెరుగను. జనులు పట్టుపట్టిన పిమ్మట వారినే వారికి సాక్షులుగా జేసి, సింధూరవృక్షము క్రింద నొక పెద్దరాతిని నిలిపి, ఈ మాటల నిది విన్నదనెను.

రాయి సాక్షి యేల? 1906లో బొగజ్‌కోయివద్ద హూగో వింక్లరు మొదలిడిన త్రవ్వకములలో హిత్తీయ రాజుల యొడంబడికలు బయల్పడినవి. వానిలో పూర్వోపకారకథనము, నియమములు, ఆలయమున పత్రనిక్షేపము, కాలానుసారపఠనము, సాక్షిదేవతల పట్టిక, శాపాశీస్సులు గలవు. మితన్ని రాజుతోడి యొడంబడికలో మిత్రావరుణులు, ఇంద్రుడు, నాసత్యులు సాక్షులు. అన్యదేవతలను విసర్జింపుమను యెహోషువకు అట్టి పట్టిక పొసగదు గదా! కనుక రాయియు జనులును సాక్షులైరి. ఇంకొక ముచ్చట. హిత్తీయ భాషలో నొడంబడికకు 'ఇష్హియుల్' అని పేరు. దాని ధాతువు మన 'షిఞ్ బంధనే' యనుదానికి జ్ఞాతి. సేతుశబ్ద మీ ధాతువునుండియే పుట్టినది. నిబంధన యనిన తెలుగువారు హెబ్రీని విడిచి, తెలియకయే హిత్తీయుల మాటను పట్టుకొనిరి.

ఈ పోలికనుబట్టి 1954లో మెండెన్‌హాల్ పండితుడు ఇశ్రాయేలీయుల నిబంధన మిక్కిలి ప్రాచీనమని వాదించెను. మరుసటి యేడు నిమ్రూదులో క్రీ. పూ. 672 నాటి ఎసర్హద్దోను ప్రమాణఫలకములు దొరికినవి. వాని శాపములు ద్వితీయోపదేశకాండము 28వ యధ్యాయపు శాపములకు మిక్కిలి దగ్గరగా నున్నందున, పలువురు నిబంధనభావమునే అస్సూరు కాలమునకు దింపిరి. ఇది తొందరపాటని నా తలంపు. ఎసర్హద్దోను పత్రమున పూర్వోపకారకథనము లేదు. షెకెము ప్రసంగమున కదియే ప్రాణము. శాపములు తరువాతివై యుండవచ్చును. అంతమాత్రమున మొదలు తరువాతిది కానేరదు.

క్రీ. పూ. 622లో ఆలయమున దొరికిన ధర్మశాస్త్రగ్రంథమును షాఫాను చదువగా విని యోషీయా వస్త్రములు చించుకొనెను. పిదప రాజు స్తంభమునొద్ద నిలిచెను, జనులు నిబంధనలో నిలిచిరి. రెండుచోట్లను క్రియ యొక్కటియే. స్తంభవాచకమును ఆ ధాతువునుండి వచ్చినదే. ఆ రాజు 609లో మెగిద్దోయొద్ద మడిసెను.

సిద్కియా కాలమున బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియుండగా, హెబ్రీ దాసులను విడిచిపెట్టుదుమని దొరలు దూడఖండముల నడుమ నడచిరి, విడిచిరి గూడ. ఐగుప్తు సేన వచ్చుచున్నదని ముట్టడి సడలగనే, విడిచినవారిని మరల పట్టి తెచ్చుకొనిరి. యిర్మీయా కోపమంతయు నిచ్చటనే. తన నిబంధనను మీరిరని దేవుడు దూషించుట విగ్రహములనుగూర్చి కాదు, ఆ దాసదాసీజనమునుగూర్చి. నగరము కాలిపోయినది.

చెరనుండి తిరిగివచ్చిన తరములో, నెహెమ్యా 10వ యధ్యాయమున, 84 మంది పేళ్లు ముద్రవేయబడినవి. విశ్రాంతిదినమున సరకు కొనరాదు. ఏడవయేట బాకీలు విడువవలెను. ఆలయసేవకై యేటేట తులములో మూడవవంతు వెండి యియ్యవలెను. వంతులచొప్పున కట్టెలు తేవలెను. ఇచ్చటను కోయుటయే క్రియ. కర్మపదము మాత్రము బెరీత్ కాదు, 'అమానా', స్థిరత్వవాచి. 'ఆమేన్' అనునదియు నా ధాతువుదే. కోయువారు దేవుడును కాడు, రాజును కాడు, ఉత్తమపురుష బహువచనము.