డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు పూర్తిగా ఉండాలి

చిద్రిలో మనవాళ్లు ముందు బీదర్ బ్రిమ్స్‌లో చూపించుకుని, జబ్బు ముదిరితే హైదరాబాద్ వెళ్తుంటారు. అక్కడి డాక్టరుకు, బీమా క్లెయిము చూసేవారికి పాత వైద్యం సంగతి చెప్పేది కాగితమే. అందులో 'షుగర్' అని రాస్తే చాలదు. ఏ రకం, ఎప్పటినుంచి, కిడ్నీకో కంటికో దెబ్బ తగిలిందా అన్నదీ డాక్టరు రాయాలి. లేకుంటే చికిత్స ఎందుకు అవసరమైందో తేలక క్లెయిము ఆగిపోవచ్చు. తేదీ తప్పుపడితే పాలసీకి ముందే ఉన్న జబ్బుగా లెక్కగట్టవచ్చు.

2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన నాటినుంచి 3 ఏళ్లు ఉంచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇంటికి బయలుదేరే ముందే సమ్మరీ చదివించుకుందాం. లోటుంటే అక్కడే అడిగి రాయించుకుందాం.