భారత పలక

భారత పలక భూమి పైభాగాన్ని ఏర్పరచే పలకలలో ఒకటి. భారత ఉపఖండంలో అధిక భాగం, శ్రీలంక, హిందూ మహాసముద్ర గర్భంలో కొంత భాగం దీనిపై ఉన్నాయి. ఈ పలక నేటికీ సంవత్సరానికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిశగా కదులుతున్నది. హిమాలయాల పుట్టుకకు ఈ కదలికే కారణం. దక్షిణాది భూకంపాలకు కూడా దీనితో సంబంధం ఉన్నది.

భూమి అంతర్భాగం, పలకలు

భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో తవ్విన అతి లోతైన బోరు సైతం 12 కిలోమీటర్లను కొద్దిగా మాత్రమే దాటింది. కనుక లోపలి నిర్మాణాన్ని ప్రధానంగా భూకంప తరంగాల ద్వారా తెలుసుకుంటారు. ఈ తరంగాల వేగం శిలల స్వభావాన్ని బట్టి మారుతుంది. వాటిలో ద్వితీయ తరంగాలు ద్రవాల గుండా ప్రయాణించలేవు. ఈ ఆధారాలతో భూమిని మూడు ప్రధాన పొరలుగా విభజించారు.

భూపటలం: ఇది అన్నిటికంటె పైపొర. ఖండాల కింద సగటున 35 కిలోమీటర్లు, సముద్రాల కింద 6 నుండి 7 కిలోమీటర్ల మందం ఉంటుంది. టిబెట్ కింద ఇది 70 కిలోమీటర్ల వరకు ఉన్నది.

ప్రావారం: భూపటలం కింద సుమారు 2,890 కిలోమీటర్ల లోతు వరకు ఉన్నది. ఇది ద్రవం కాదు. ఘనరూపంలోనే ఉండి, అధిక వేడి వలన లక్షల సంవత్సరాల కాలంలో మెల్లగా ప్రవహిస్తుంది.

కేంద్రమండలం: ముఖ్యంగా ఇనుము, నికెల్‌లతో కూడినది. బాహ్య భాగం ద్రవం, అంతర భాగం ఘనం. అంతర కేంద్రాన్ని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమాన్ గుర్తించారు.

పలక అంటే భూపటలం మాత్రమే కాదు. భూపటలం, దానిని అంటిపెట్టుకొని ఉన్న ప్రావారపు గట్టి పైభాగం కలిసి పలక అవుతుంది. దాని కింద ఉన్న మెత్తని పొరపై పలకలు కదులుతాయి.

ప్రయాణం

భారత పలక ఒకప్పుడు ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉండేది. గోండుల నేల అన్న అర్థంలో ఆ పేరు వచ్చింది. సుమారు 9 కోట్ల సంవత్సరాల క్రితం మడగాస్కర్ నుండి విడిపోయి ఉత్తరానికి సాగింది. ఒక దశలో దీని వేగం సంవత్సరానికి 15 సెంటీమీటర్లకు మించింది. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం యురేషియా పలకను ఢీకొనడంతో వేగం తగ్గింది. రెండింటి మధ్య ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయి, దాని అడుగున పేరుకున్న అవక్షేపాలు ముడతలుపడి పైకి లేచాయి. అందుకే హిమాలయాలలో సముద్రజీవుల శిలాజాలు లభిస్తున్నాయి.

ఇంత వేగానికి కారణమేమిటన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఇతర గోండ్వానా ఖండాల కంటె భారత పలక పలుచగా, సుమారు 100 కిలోమీటర్ల మందం మాత్రమే ఉండటం ఒక కారణమని 2007లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు, జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి ప్రతిపాదించారు.

దక్షిణాదిలో భూకంపాలు

దక్కను పీఠభూమి ప్రాచీన శిలలతో కూడినది కావడం వలన అక్కడ భూకంపాలు రావన్న అభిప్రాయం చాలాకాలం ఉండేది. అది సరికాదు. ఉత్తరాన పలక అంచు వద్ద కలిగే ఒత్తిడి పలక లోపలికి కూడా వ్యాపించి, పాత పగుళ్ళ వద్ద విడుదల కావచ్చును. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతోను, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతోను భూకంపాలు వచ్చాయి. ఈ రెండు ప్రాంతాలూ గోదావరి లోయకు చెందినవి.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో వచ్చిన భూకంపం తీవ్రత 6.2 మాత్రమే. అయినను దాదాపు పదివేల మంది మరణించారు. మట్టితో కట్టిన బరువైన రాతి గోడలు, మట్టి మిద్దెలు నిద్రిస్తున్నవారిపై కూలడమే ఇందుకు ముఖ్య కారణం. భూకంపం వచ్చే రోజును ముందుగా చెప్పగల పద్ధతి ఇప్పటికీ లేదు. కాని గోడలను చుట్టూ కట్టుదిట్టంగా బంధించే కాంక్రీటు పట్టీలు, తేలికైన పైకప్పు ఉన్న ఇండ్లలో ప్రాణనష్టాన్ని చాలావరకు తగ్గించవచ్చును.