కలానికీ కొట్టుకూ నడుమ

తాండూరు మార్కెట్టు యార్డులో కందుల సీజనులో ఒక్క పూట నిలబడి చూసినవారికి మన ప్రచురణ రంగం గురించి కొత్తగా చెప్పవలసింది తక్కువే. రైతు గింజలు రాశి పోస్తాడు. కొనే వ్యాపారికీ అతనికీ నడుమ అడ్తిదారు వుంటాడు. ధర పలికించేవాడు, తూకం వేయించేవాడు, డబ్బు యిప్పించేవాడు అతడే. విత్తనాలనాడు అప్పిచ్చి, పంట తన దుకాణానికే రావాలని కట్టడి చేసేవాడూ అతడే. అతణ్ణి తిట్టని రైతు లేడు; అతడు లేకుండా బేరం చేసుకోగల చిన్నరైతూ అరుదే.

అదే తాండూరులో ఒక ఉపాధ్యాయుడు కథలు రాశాడనుకోండి. అతనికి అడ్తిదారు కూడా లేడు. తన జీతంలో మిగిలించిన డబ్బుతో హైదరాబాదు వెళ్ళి, అయిదువందల ప్రతులు అచ్చు వేయించుకుని, ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకుని, కట్టలు యింటికి తెచ్చుకుంటాడు. అవి మంచం కింద వుంటాయి. ఇలాంటి మంచాలు వికారాబాదులోనూ చూశాను. తెలుగునాట ‘ఏజెంటు’ అంటే తెల్లవారుజామున పత్రికల కట్ట విప్పుకునేవాడే తప్ప, రచయిత పక్షాన ప్రచురణకర్తతో మాట్లాడేవాడు అన్న అర్థం మనకు లేదు. మాట లేకపోవడం చిన్న విషయం కాదు. మాట లేని చోట సాధారణంగా ఆ సంబంధమే లేదు.

ఈ ప్రాంతం పుస్తకానికి దూరమైంది దారి లేక కాదు. సికింద్రాబాదు నుంచి వాడికి రైలుమార్గం 1874లోనే పడింది. వికారాబాదు, తాండూరు రెండూ ఆ దారి మీదివే. ఆ రైలు బండలు మోసింది, ధాన్యం మోసింది. తెలుగు పుస్తకం మాత్రం ఎక్కలేదు. కచ్చేరీలో భాష ఉర్దూ. తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలోది. ఇక్కడి తెలుగు కవికి పడమటన అధికారులు, తూర్పున అచ్చుయంత్రాలు. నడుమ అతడు ఒంటరి. నిజాం ప్రభుత్వానికి సభ అంటే అనుమానం, గ్రంథాలయం అంటే అంతకంటె అనుమానం. మార్కెట్టు లేని చోట దళారీ కూడా పుట్టడు.

కనుక తెలంగాణలో రచయితకూ పాఠకుడికీ నడుమ నిలిచినవారు వ్యాపారులు కారు, ఉద్యమకారులు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలైనవారు విజ్ఞాన చంద్రికామండలి స్థాపించి, ముందుగా చందాదారులను చేర్చుకుని పుస్తకాలు వేశారు. పుస్తకానికి ముందు పాఠకుణ్ణి కూడగట్టుకోవడమన్నది ఆనాటికి మంచి ఊహ. అయితే రెండేళ్ళకే ఆ మండలి మద్రాసుకు తరలిపోయింది.

తర్వాతి మనిషి సురవరం ప్రతాపరెడ్డి. 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. తెలంగాణలో కవులే లేరని ఒకరు అన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను జవాబుగా వేశాడు. ఈ ఉదంతాన్ని మనం ఆత్మగౌరవ గాథగా చెప్పుకుంటాం, తప్పులేదు. కాని ఆ పనిలోని శ్రమను గమనించండి. పల్లెలకు కబురు పంపాలి, రాతప్రతులు తెప్పించుకోవాలి, పద్యాలు ఏరాలి, ఎవరిది ఏ వూరో రాసుకోవాలి, అచ్చుకెక్కించాలి. ఎరగని రచయితను ఎరగని పాఠకుడి దగ్గరకు తీసుకుపోవడమే మధ్యవర్తి పని అయితే, సురవరం ఆ పనిని జీతం లేకుండా, కమిషను లేకుండా, ఒక్క సంచికలో 354 మందికి చేశాడు.

వట్టికోట ఆళ్వారుస్వామి దగ్గర కాసేపు ఆగాలి. 1915లో పేద యింట పుట్టి, యిళ్ళలో వంటపనీ, హోటల్లో సర్వరు పనీ చేసి, తనంత తానుగా చదువుకుని, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దిన మనిషి. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. ఆ పేరు అదే ఏడు మరణించిన కాశీనాథుని నాగేశ్వరరావుది. ముప్పైకి పైగా పుస్తకాలు వేశాడు. వేసి వూరుకోలేదు, వూరూరా తిరిగి తానే అమ్మాడు. నిజామాబాదు జైల్లో దాశరథి తోటి ఖైదీ. ఆ గోడల మీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి అందరికీ తెలిసిందే. తర్వాత దాశరథి తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. పూర్వం కవి ప్రభువుకు అంకితమిచ్చేవాడు. ఇక్కడ పుస్తకాలు మోసినవాడికి యిచ్చాడు. మన సాహిత్య సంబంధాలలో వచ్చిన మార్పుకు యింతకంటె స్పష్టమైన గుర్తు నాకు కనిపించదు.

కాని ఒక చేదు మాట చెప్పక తప్పదు. ఆళ్వారుస్వామి స్వయంగా నవలాకారుడు. ‘ప్రజల మనిషి’ 1955లో వచ్చింది. ‘గంగు’ పూర్తికాకుండానే 1961 ఫిబ్రవరిలో, నలభై అయిదేళ్ళకే పోయాడు. ఇతరుల రచనలు మోసిన మనిషికి తన రచన ముగించే వ్యవధి దొరకలేదు. ఆయన రచనను మోసేవాడు మరొకడు వుంటే? మనం ఆ త్యాగాన్ని కీర్తించాం, సంతాపసభలు పెట్టాం. ఆయన ఒక్కడూ చేసిన పనిని పదిమందికి పంచి, వారికి కూలి యిచ్చి, లెక్కలు రాసి నిలబెట్టాలన్న ఆలోచన చేయలేదు. శ్రమకు విలువ గురించి పేజీలకు పేజీలు రాసే మనమే, పుస్తకం అమ్మే శ్రమను ఉచిత సేవగా లెక్క కట్టాం. ఇది మన ఉద్యమ లోపం. దీనికి ప్రభుత్వాన్నో, మార్కెట్టునో నిందించి లాభం లేదు.

లండనులో మరో కథ జరిగింది. 1870ల మధ్య ఎ. పి. వాట్ అనే స్కాట్లండు మనిషి రచయితల పక్షాన ప్రచురణకర్తలతో బేరాలాడి, వచ్చిన సొమ్ములో నూటికి పది తీసుకోవడం మొదలుపెట్టాడు. తొలిరోజుల్లో అతడు ప్రచురణకర్తల పని కూడా చేసిపెట్టేవాడు. మన అడ్తిదారులాగే రెండు తక్కెడల మీదా చెయ్యి! 1884లో వాల్టర్ బిసంట్ తదితరులు రచయితల సంఘం స్థాపించారు. ఒప్పందమన్నది ఎలా వుండాలో రచయితలు సంఘంగా నేర్చుకున్నారు. హైనెమన్ వంటి ప్రచురణకర్తలు ఏజెంటును పరాన్నజీవి అని ఏవగించుకున్నారు. ఎందుకు ఏవగించుకున్నారో వూహించడం కష్టం కాదు. ఎదుట కూచున్న రచయితకు లెక్కలు వచ్చేశాయి. సాహిత్యం సరుకైన సమాజంలో పుట్టినవాడే ఏజెంటు, నిజమే. అయితే సరుకు కావడం ఎలాగూ జరిగిన తర్వాత, బేరంలో బలహీనుడి పక్కన ఒక మనిషి నిలబడడం అభివృద్ధి నిరోధకం ఎలా అవుతుంది? కార్మికుడికి సంఘ ప్రతినిధి వద్దని మనం అనం కదా.

చట్టం మన పక్షాన కొంత వుంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, తర్వాతి సవరణలతో కలిపి, హక్కు బదిలీ రాతపూర్వకంగా వుండాలి, సంతకం వుండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్ళకే అని అర్థం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. వేరే షరతు లేకపోతే, హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే ఆ బదిలీ రద్దవుతుంది. సినిమాలో పాట రాసిన కవి తన రాయల్టీ వాటాను వదులుకోకుండా 2012 సవరణ అడ్డం పెట్టింది; అది సాహిర్ లుధియాన్వీ తరం నుంచీ సాగిన పోరాటం. వీటిలో ఒక్క నియమమైనా తెలియని రచయితలు మా కళాశాలల్లోనే ఎందరో! యార్డులో రైతు తక్‌పట్టీ అడగడం నేర్చుకున్నాడు. తెల్లచీటీ మీద ధాన్యం పోయడం నష్టమని అతనికి తెలుసు. మనం మాత్రం నవలను తెల్లచీటీ కూడా లేకుండా యిచ్చి, ప్రచురణకర్త మంచివాడు అంటాం. మంచివాడే కావచ్చు. ఆయన తర్వాత ఆయన కొడుకు?

అటు మధ్యవర్తికీ రచయిత బాకీపడివున్నాడు. చెప్పిన తేదీకి రాతప్రతి యివ్వడం, ఒకే పుస్తకాన్ని ముగ్గురి చేతిలో పెట్టకపోవడం, అమ్మకపోయిన ప్రతుల సంగతి ఓపిగ్గా వినడం మన రచయితలకు అలవాటు లేదు. ప్రూఫు దిద్దమంటే అవమానంగా భావించేవారిని ఎరుగుదును. తన రచన ఏ పాఠకుడికో స్వయంగా తెలియని రచయితకు, ఎంత సమర్థుడైన ఏజెంటు వచ్చినా చేయగలిగేది కొంచెమే. ఇవాళ తెలుగు కథ యింగ్లీషులోకి వెళుతున్నది. అక్కడ అనువాదకుడి వాటా, మూలరచయిత వాటా, ఏజెంటు కమిషను మూడూ వేరువేరుగా కాగితం మీదికి రావాలి. ఈ పని తాండూరు ఉపాధ్యాయుడు ఒక్కడు చేసుకోలేడు. జిల్లాకొక రచయితల సంఘశాఖ చేయగలదు: ఒక నమూనా ఒప్పందం, చట్టం తెలిసిన ఒక న్యాయవాది, నూటికి పదో పన్నెండో తీసుకుని సంవత్సరానికొకసారి లెక్క చెప్పే ఒక కార్యకర్త. కమిషను తీసుకోవడంలో సిగ్గు లేదు. లెక్క చెప్పకపోవడంలో వుంది.

ఇప్పటి చట్టం ప్రకారం రచయిత జీవితకాలంలో అచ్చయిన పుస్తకం, ఆయన మరణానంతరం అరవై ఏళ్ళకు అందరిదవుతుంది. సురవరం పుస్తకాలు 2014 నుంచీ, ‘ప్రజల మనిషి’ 2022 జనవరి నుంచీ అలా అయ్యాయి. వాటిని అచ్చు వేయడానికి యిప్పుడు ఎవరి సంతకమూ అక్కరలేదు. తాండూరు స్టేషనులో దించుకుని, సంతకు మోసుకెళ్ళే మనిషి మాత్రం కావాలి, అతనికి కూలి కూడా.